రెండో పరీక్ష

“ఉందా, నేదా? ఆ ఒక్క ముక్కా సెప్పండి డాక్టరమ్మా!” లోవలక్ష్మి ఇంకా కుర్చీలో కూర్చోనేలేదు, వెనకాలే వచ్చిన అక్క దేవుడమ్మ అడిగేసింది.

ఇద్దరూ నాతవరం నుంచి షేర్ ఆటోలో నర్సీపట్నం ఆస్పత్రికి వచ్చారు. కిందటిసారి గర్భసంచి ఆపరేషన్‌కి ముందు రక్తం పరీక్ష చేస్తే లోవలక్ష్మికి హెపటైటిస్ సి పాజిటివ్ అని వచ్చింది. రెండో పరీక్ష చేస్తేగాని ఏదీ తేలదని డాక్టర్ ఫణిశ్రీ మొత్తుకున్నా వినేదెవరు? మొగుడు నారాయణమూర్తి ఆ రోజే పెళ్ళానికి కంచం, గ్లాసు వేరు పెట్టాడు. మంచం పశువుల పాకలో వేయించాడు. దాని ఒంటి మీద చిన్న గీత పడి రక్తం కారినా ఇంటిల్లిపాదీ పోతామని వీధంతా చాటాడు. అలా ఏడ్చింది మహానుభావుడి తెలివి!

చెల్లెలి అవస్థ చూసి దేవుడమ్మకి కడుపు రగిలిపోయింది. ఎందుకులే అప్పా అని చెల్లెలు అంటున్నా వినకుండా ఆవిడే రెండో పరీక్షకి లాక్కొచ్చింది. జబ్బు లేదని తేలితే చెల్లెలు మళ్ళీ ఇంట్లో అడుగు పెడుతుందని ఆవిడ ఆశ.

“లేదు” అంది ఫణిశ్రీ నవ్వుతూ. “రెండో పరీక్షలో వైరస్ కనబడలేదు.”

“మరి మొదటిది అబద్దమాండి?”

“అబద్ధం కాదమ్మా. వైరస్ ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందని అది చెప్పింది. ఇప్పుడుందో లేదో చెప్పేది ఈ రెండోదే. మీ చెల్లెలి ఒళ్ళే దాన్ని తరిమేసింది. మందులక్కర్లేదు. అసలు ఉన్నా, ఒకే కంచంలో తింటే అంటుకునే జబ్బు కాదిది.”

“ఎలాగొచ్చుంటాదండి?”

“సరిగా శుభ్రం చెయ్యని సూదులతో రావచ్చు. ఊళ్ళో కుట్లేమైనా వేయించుకున్నావా అమ్మా?”

“రెండు మూడుసార్లు ఏయించుకున్నానండి. గుమ్మం తట్టుకుని పడిపోనాను” అంది లోవలక్ష్మి. తల దించుకునే మళ్ళీ అడిగింది. “మొదటి పరీక్షే మళ్ళీ సేస్తే ఏటొస్తాదండి?”

“అది చాలామందికి జీవితాంతం పాజిటివ్ అనే వస్తుంది. కంగారు పడకు.”

“ఎప్పుడు సేసినా?”

“ఎప్పుడు చేసినా.”

లోవలక్ష్మి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. పాపం, ఎంత బెంగ పెట్టుకుందో అనుకుంది ఫణిశ్రీ.

బయటికి రాగానే దేవుడమ్మ ఫోన్ తీసింది. “ఉండు, మా మరిదికి ఇప్పుడే సెప్తాను. బేగి నీ మంచం ఇంట్లో ఏయించమంటాను. కావలిస్తే ఆ పాకలో ఆణ్ణే తొంగోమను!”

లోవలక్ష్మి గబుక్కున ఫోన్ లాక్కుంది.

“సెప్పకప్పా. జబ్బు ఉందనే సెప్పు.”

“ఓసి నీ మొహం మండా! మతిగాని పోనాదేటే? కుక్కకి పడేసినట్టు కూడు పడేస్తంటే, ఆ పాకలోనే ఉంటానంటావేటి?”

“అక్కడే ఉంటాను.”

“ఎందుకే తల్లీ?”

లోవలక్ష్మి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“రగతం వస్తాదని బయపడి మీ మరిది నన్ను కొట్టడం మానేసాడప్పా.”