వెనక్కి పోసిన ఇసుక

గల్ఫ్‌లోని మెసైమీర్‌లో పైపుల కోసం తవ్విన కాలువ గట్టు విరిగి నగేష్ మీద పడింది. పక్కనే పనిచేస్తున్న గజేందర్ ఎవరి మాటా చెవిన పెట్టకుండా, పారతో ఇసుక తోడి వెనక్కి పోస్తున్నాడు.

"మిషన్లన్నీ ఆపించాను. నువ్వూ కాసేపు ఆగవయ్యా," అన్నాడు ఫోర్‌మన్ ఆండ్రూ, ఫోన్ నొక్కుతూ.

గజేందర్‌కి ఒళ్ళు మండింది. "ఈడ మనిషి పాణం పోతుంటే ఫోన్ ఎవలికి కొడుతున్నవ్ సారూ? వచ్చి పార పట్టు."

"నగేష్‌కే చేస్తున్నాను."

గజేందర్ పార ఆగింది. అందరూ ఊపిరి బిగబట్టారు. సన్నగా రింగు వినిపించింది. వెనకనుంచి, అతను పోసిన కుప్ప కిందనుంచి.

గజేందర్ పార విసిరేసి, రెండు చేతులతో ఆ కుప్ప మీద పడ్డాడు.

"నిన్ను నేనే పూడుస్తున్న గదరా, నగేషా."