క్యాష్ తుడిచిన రోజు

“సర్వరు ఆపాలా? నడిచే బండిని ఆపి చక్రాలు లెక్కపెడతానంటావేంటమ్మా?” అన్నాడు బాబాయ్.

ఆఫీసులో అందరికీ ఆయన బాబాయే. టీముకంతా సీనియరు. ఆయన ఊ అంటేనే సర్వరు ఆపాలి. ఆయన ఊ అని నెలలైంది.

వాళ్లు రాస్తున్నది ఆఫీసు తలుపులు, కార్డులు, కాఫీ మిషను అన్నీ నడిపే జావా ప్రోగ్రాము. అది ఒకసారి డేటాబేసు చదివి, చదివిందంతా మెమరీలో దాచుకుంటుంది. ఆ దాచుకున్నదే క్యాష్. నోట్ల కట్టలు కాదుగానీ, పట్టుకుంటే వదలని బుద్ధి మాత్రం ఉంది. డేటాబేసులో ఏం మార్చినా, సర్వరు ఆపి మళ్లీ మొదలుపెట్టేదాకా పాత పాటే పాడుతుంది. పరీక్షలకి వేరే సర్వరు కొనమంటే కంపెనీకి దగ్గొస్తుంది.

పక్క సీటు ప్రోగ్రామరమ్మ విసిగిపోయింది. కాఫీలో చక్కెర తగ్గించిన మార్పు పనిచేస్తోందో లేదో చూసుకోడానికి బాబాయ్ గడ్డం పట్టుకుని బతిమాలాల్సి వస్తోంది. చివరికి తనే ఓ చిన్న పేజీ తయారుచేసింది. మెమరీలో ఏముందో అందులో కనిపిస్తుంది. కింద ఒక బటన్. నొక్కితే పాతదంతా పోయి, ప్రోగ్రాము డేటాబేసుని మళ్లీ చదువుకుంటుంది. సర్వరు ఆపక్కర్లేదు.

టీమంతా ఆమె కుర్చీ చుట్టూ మూగింది. బాబాయ్ మాత్రం రెండడుగులు వెనక్కి వేశాడు.

“మొత్తం తుడిచెయ్యడం దేనికి? చక్కెర ఒక్కటీ తీసెయ్యరాదూ?”

“ఒక్కోటీ తీసే బటన్ రేపు పెడతా. ఇవాళ్టికి ఇదే. మీ చేత్తో నొక్కండి బాబాయ్.”

“నా హస్తవాసి మంచిది కాదులే.”

“పోనీ, నేనే నొక్కుతా.” నొక్కేసింది.

కాఫీ మిషను బుద్ధిగా చక్కెర తగ్గించింది. అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టకపోతే బాగుండదని బాబాయ్ కూడా కొట్టాడు. తర్వాత మొహం కడుక్కోడానికి బయటికెళ్లాడు.

తిరిగొచ్చి తలుపు దగ్గర కార్డు పెట్టాడు. ఎర్ర లైటు. కార్డుని చొక్కాకి తుడిచి మళ్లీ పెట్టాడు. ఎర్ర లైటే.

అద్దంలోంచి చూసి ఆమె లేచొచ్చి తలుపు తీసింది. “అయ్యో, నా బటన్ మీ కార్డుని పాడుచేసినట్టుంది. ఉండండి, ఇప్పుడే సరిచేస్తా.”

“ఏం పాడవలేదమ్మా,” అన్నాడు బాబాయ్, గుమ్మం అవతలే నిలబడి. “బాగానే పనిచేస్తోంది.”

ఎండాకాలం మొదట్లోనే పై ఆఫీసువాళ్లు బాబాయ్‌ని ఉద్యోగంలోంచి తీసేసి, డేటాబేసులో పేరు కొట్టేసిన సంగతి ఆ తలుపుకి ఇవాళే తెలిసింది.