కొట్టేసిన మేక్‌ఫైల్

శనివారం సాయంత్రం జాకియా మేడమ్ టీకి లేవగానే హరిచరణ్ ఆఫీసు ప్రోగ్రామంతా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేశాడు. జగ్గయ్యపేట చుట్టుపక్కల సున్నపురాయి లారీలు తూచే కాటాల కోసం ఆవిడ రాయించిన ప్రోగ్రాం అది. రాసింది నేనే కదా, నేను పట్టుకుపోతే దొంగతనం ఎలా అవుతుందని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. మనసు ఇట్టే ఒప్పేసుకుంది.

దీనంతటికీ మూలం నందిగామ సాంబయ్య. కాటా వ్యాపారంలో తల పండిన మనిషి. పోయిన వారం ఫోన్ చేసి చల్లగా చెవిన వేశాడు.

"జాకియమ్మకి పోటీగా నేనూ షాపు పెడతన్నానయ్యా. ఆ సాఫ్ట్‌వేర్ తెచ్చి నా విండోస్ కంప్యూటర్లో ఆడించావంటే నువ్వు నా పార్ట్‌నర్‌వి. బోర్డు మీద నీ పేరే ముందు."

బోర్డు మీద పేరు! ఆ మాట విన్న దగ్గర్నుంచి హరిచరణ్‌కు అన్నం సయిస్తే ఒట్టు.

చిక్కల్లా విండోస్‌తోనే. "అందులోనూ నడిచేలా చెయ్యి బాబూ" అని మేడమ్ ఏడాదిగా పోరుతూనే ఉంది. "నా కంప్యూటర్లో శుభ్రంగా నడుస్తోంది కదండీ" అని అతను తప్పించుకుంటూనే ఉన్నాడు. అతని కంప్యూటర్లో విండోస్‌కు బదులు ఉన్నది లినక్స్. నెలజీతానికి అంత తలనొప్పి ఎవడు తెచ్చుకుంటాడు?

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి నందిగామలో వాలాడు. సాంబయ్య తాలూకు కాటాగదిలో కంప్యూటర్‌కు పెన్‌డ్రైవ్ గుచ్చి, ప్రోగ్రాం తయారుచెయ్యమని మేక్ అని కొట్టాడు. ఏ ముక్క తర్వాత ఏ ముక్క కలిపి ప్రోగ్రాం వండాలో చెప్పే చీటీయే మేక్‌ఫైల్. ఆ చీటీలోని ఆజ్ఞల్ని కంప్యూటర్‌కు వినిపించేది షెల్. లినక్స్ షెల్, విండోస్ షెల్ తోడికోడళ్ల లాంటివి. ఒకరి మాట ఒకరికి గిట్టదు.

పాత ఫైళ్లు తుడవమంటే, ఆ మాటే నాకు తెలీదు పొమ్మంది విండోస్. హరిచరణ్ ఆ ఆజ్ఞను విండోస్ భాషలోకి మార్చాడు. ఫోల్డర్ చెయ్యమంటే, పక్కనున్న మైనస్ పి గుర్తు కూడా పేరే అనుకుని '-p' అని ఇంకో ఫోల్డర్ చేసి చేతిలో పెట్టింది. పడీ పడీ నవ్వాడు. ఫోల్డర్ల పేర్ల మధ్య అటు వాలిన గీతల్ని విండోస్‌కు నచ్చేలా ఇటు వాల్చాడు.

"ఏమయ్యా, అవుద్దా?"

"అవుద్దా ఏంటండీ బాబాయ్! చూస్తా ఉండండి."

పని నడుస్తుంటే ఒళ్లంతా హుషారు. అక్కడితో ఆగితేనా! ఎదురుగా ఏ షెల్ ఉంటే ఆ భాషలోనే మాట్లాడేలా మేక్‌ఫైల్‌ను తీర్చిదిద్దాడు. రేపు ఎవరు చూసినా అర్థమయ్యేలా ప్రతి మార్పు పక్కనా కారణం రాశాడు. మేడమ్ దగ్గర ఒక్కనాడైనా ఇలా ఒళ్లు వంచి ఎరగడు.

మళ్లీ మేక్ అని కొట్టాడు. ఒక్క తప్పూ చూపించలేదు. బయట రాయి లారీ కాటా ఎక్కింది, లోపల తెర మీద బరువు టక్కున పడింది. హరిచరణ్ కుర్చీలోంచి లేచి చిన్నపిల్లాడిలా గంతేశాడు.

"బాబాయ్, బోర్డు ఎప్పుడు రాయిద్దామండీ?"

"ఉండవయ్యా, ముందో ఫోన్ చేసుకోనీ." పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని సాంబయ్య సెల్లు చెవికి ఆనించాడు.

"అమ్మా జాకియా, నువ్వన్నదే నిజమమ్మా! చెయ్యమంటే బద్ధకం గానీ, దొంగతనమనేసరికి మీవోడికి ఎక్కడలేని ఊపు వచ్చేసింది. ఏడాది నుంచీ నువ్వు మొత్తుకుంటన్న పనంతా పైసా అడక్కుండా చేసిచ్చేశాడు!"