ఆటు వేళ నీళ్లు

"మళ్లీ వచ్చారండీ మీ సీసా తాతగారు!" అటెండర్ తలుపు దగ్గరే నవ్వాడు.

నీటి పరీక్ష గదిలో టెక్నీషియన్‌కు ఒళ్లు మండింది. వరసగా పన్నెండో శుక్రవారం ఇది.

ముసలాయన సీసాను రెండు చేతులా బల్లమీద పెట్టాడు. మూత చుట్టూ మైనం. మీద చీటీ: 'నది సముద్రంలో కలిసే మొగ. ఆటు వేళ. ఉదయం ఆరున్నర.'

"బయటివాళ్లు తెచ్చిన నీళ్లు పరీక్షించం తాతా. ఎన్నిసార్లు చెప్పాలి?"

"మీరు పట్టేది పోటు వేళ కదా బాబూ? సముద్రం లోపలికి తోసుకొచ్చాక మురికేం కనిపిస్తుంది? నీళ్లు వెనక్కి తీసేటప్పుడు చూడాలి."

ఆ సంగతి టెక్నీషియన్‌కు తెలియక కాదు. పోటు వేళే పట్టమన్నది పెద్దసారు. కాదంటే ఉద్యోగం ఉండదు. ఔనంటే వారం వారం 'నీరు బాగుంది' అని సంతకం. కక్కలేడు, మింగలేడు.

"పోనీ, పరీక్ష వద్దు. సీసా అందిందని చిన్న రసీదు రాసివ్వండి."

"రసీదెందుకు?"

"దాంతో నాకో పనుంది బాబూ."

"చూద్దాంలే, వెళ్లు."

వలలవాడేమో, చేపలు పడక చాదస్తం పట్టిందనుకున్నాడు. ఆయన గడప దాటగానే సీసాను తొట్టిలో ఒలకబోశాడు. ఘాటుకు దగ్గొచ్చి కిటికీ తెరిచాడు. మిగతా పదకొండూ పోయింది ఆ తొట్టిలోకే.

ఆ తర్వాత ముసలాయన రాలేదు. పీడ విరగడైందనిపించింది.

నెల తిరక్కుండానే మొగ పొడవునా చేపలు చచ్చి తేలాయి. వలలవాళ్లు ఆఫీసు ముందు బైఠాయించారు.

"సంతకాలన్నీ నీవేగా?" అన్నాడు పెద్దసారు. "విచారణలో నువ్వే చెప్పుకో."

"పోటు వేళ పట్టమన్నది మీరే కదా సార్!"

"కాగితం ఉందా?"

లేదు. ఆటు వేళ నీళ్లు ఒక్క సీసా ఉన్నా బయటపడేవాడు. పన్నెండు వచ్చాయి. పన్నెండూ తనే పారబోశాడు. తన చేతులు చూసుకుంటే తనకే అసహ్యమేసింది.

మర్నాడు ఉదయం ఆరున్నరకల్లా మొగ దగ్గరికి పరిగెత్తాడు. ఫ్యాక్టరీ కాలువ నదిలో పడేచోట తూము తలుపు బిగించేసి ఉంది. గొడవయ్యాక మూసేశారు. నీళ్లు తేటగా ఉన్నాయి, పట్టుకెళ్లినా దండగే. పక్కనే కాపలాదారు బీడీ కాలుస్తున్నాడు.

"ఇక్కడ సీసాలో నీళ్లు పట్టుకెళ్లే ముసలాయన ఎక్కడుంటాడు? ఆయన సాక్ష్యం కావాలి నాకు."

"పోయాడండీ. మూడు వారాలైంది. ఊపిరాడక పోయాడు." కాపలాదారు బీడీ ఆర్పేశాడు. "'నీళ్లు ఆఫీసుకు చేరాయని రసీదొక్కటి చూపిస్తే యజమాని భయపడతాడు, ఈ పాపం ఇంక నాచేత చేయించడు' అంటుండేవాడు."

"ఏ పాపం?"

"ఇంకేముందండీ? ముప్పై ఏళ్లుగా ఆటు వేళ ఈ తలుపెత్తి ఫ్యాక్టరీ నీళ్లు వదిలింది ఆయనేగా!"