వాకిట్లో నా మొహం

కమీషన్ కక్కుర్తితో మనవరాలిని దాచడానికి ఆ ఇల్లు నా ఇళ్ల ఏజెంటు లైసెన్సు మీద నేనే కొన్నానని ఇందాక ఫోన్లో అన్నావు చూడు లొరెట్టా, అది తప్పు. నా తరఫున ఇంకో ఏజెంటు ఉంటే చిరునామా ఎక్కడ వాగుతాడోనని భయం.

తర్వాత, "వాకిట్లో బోర్డు మీద నీ ఫొటో భలే ఉందక్కా!" అన్నావు. ఇల్లు అమ్ముడైతే ఏజెంటు నవ్వుమొహం ఉన్న బోర్డు వాకిట్లో పాతడం మా ఆఫీసు అలవాటు. వద్దని చెప్పాలని నాకు తట్టలేదు.

మొగుడి దెబ్బలు తప్పించుకుని పొద్దున్నే నా కారెక్కిన మనవరాలు టెస్ నీ మాటలు పక్కనే వింటోంది.

"అమ్మమ్మా, ఆ ఫొటో ఉన్న అయస్కాంతం మా ఫ్రిజ్ మీద కూడా ఉంది. వాడు బీరు తీసినప్పుడల్లా 'ముసల్దాని పళ్లు చూడు' అని నవ్వేవాడు."

"అతికించింది నేనేనే," అన్నాను.

టొలీడో దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగి ఈ మెసేజ్ పెడుతున్నాను. వాడు ఊరూరా వెతుకుతున్నాడట. వెంటనే వెళ్లి బోర్డు పీకి, మొహం కిందికి పెట్టి నీ డిక్కీలో వెయ్యి. నా పళ్లు విరిగితే విరగనీ. బోర్డు పీకిన గుంటలో మట్టి పోసి తొక్కు.

వాకిట్లో వాడి ఎర్ర ట్రక్కు కనిపిస్తే మాత్రం కారు ఆపకు. ముందు పోలీసులకు, తర్వాత నాకు ఫోన్ చెయ్యి.