గిజిగాడి మేత

చెరువు గట్టు మీది తుమ్మచెట్టుకు గిజిగాడొకడు గూడు అల్లుతున్నాడు. ఆ జాతిలో మగవాడు గూడు సగం అల్లాక ఆడపిట్ట వచ్చి ముడులు లాగి చూస్తుంది. ముడి నిలిస్తేనే పెళ్లి.

వాడి ఒళ్లు ఉండాల్సినంతే ఉంది. అయినా బరువు పెరుగుతానేమోనని బెంగ పట్టుకుంది.

"జొన్నలు మానెయ్ తమ్ముడూ," అంది గట్టు కింది కొంగ. "నేను చేపలు తప్ప ముట్టను. ఎంత నాజూగ్గా ఉన్నానో చూడు."

వాడు గింజలు మాని పురుగులే తిన్నాడు. నాలుగు రోజులకు నార చీల్చే ఓపిక పోయింది. ఓపిక కోసం నువ్వుల చేను మీద పడ్డాడు. పొట్ట బరువెక్కి, పట్టపగలే కునుకు పట్టింది. ఎదుటివాడి కంచం చూసి తినేవాడి గతి అంతే.

ఆడపిట్ట రానే వచ్చింది. ఒక్కసారి లాగేసరికి ముడి ఊడి ముక్కుకొచ్చింది.

"ఇది గూడా, గడ్డివామా?" అని నవ్వింది. వాడు తల వంచుకుని జరిగింది చెప్పాడు.

"కొంగ రోజంతా ఒంటికాలి మీద నిలబడుతుంది. నువ్వు వందసార్లు ఎగరాలి. దాని తిండి నీకెందుకయ్యా? ఎగరడానికి జొన్నలు, కండకు పురుగులు, పైన నాలుగు నువ్వులు. ఏదీ మానొద్దు, దేని మీదా ఎగబడొద్దు. వారం చూస్తాను."

వాడు బుద్ధిగా అలాగే తిన్నాడు. ఒళ్లు మునుపటిలా కుదురుకుంది. ఈల వేస్తూ గూడు బిగించాడు.

వారానికి ఆమె వచ్చి మూడుచోట్ల లాగింది. ఒక్క ముడీ కదల్లేదు. లోపలికి వెళ్లి సర్దుకు కూర్చుంది. వాడు సంతోషం పట్టలేక మేతకు బయల్దేరబోతుంటే తల బయట పెట్టింది.

"ఇదిగో, నేనిక గుడ్ల మీద కదలకుండా కూర్చోవాలి. నాకు జొన్నలు కాస్త తగ్గించి తీసుకురా."