మూత పడని బోరు

"మీ చేన్లో ఉన్న బోరే నీ కంటికి ఆనలేదా శిల్పా?"

గోడకు అంటించిన ఊరి పటం మీద శ్రీవిద్య టీచర్ అరచేత్తో కొట్టింది. శిల్ప లేచి నిలబడి తల దించుకుంది. తొమ్మిదో తరగతి మొత్తం ఆమె వైపు తిరిగింది.

నీళ్లు పడక రైతులు వదిలేసిన బోరుగుంతలను వెతకాలి. పటంలో గుర్తు పెట్టాలి. బడి ఆవరణలోనే సిమెంటు మూతలు పోసి, ఒక్కొక్కటీ మూసి రావాలి. ఇదీ ప్రాజెక్టు. పత్తికొండ నుంచి ఈ మధ్యనే బదిలీ మీద వచ్చిన శ్రీవిద్యకు తట్టిన ఆలోచన. పాఠం చెబితే కునికిపాట్లు పడే పిల్లలు, మూతలు మోసుకుంటూ ఎండలో పరుగులు తీశారు. చూడడానికి రేపు జిల్లా అధికారి వస్తానన్నాడు. తీరా ఈ పొద్దు అడ్డదారిన బడికి వస్తుంటే, శిల్ప వాళ్ల చేన్లో నోరు తెరుచుకున్న బోరు శ్రీవిద్య కంటబడింది.

"అది వద్దులే మేడమ్" అన్నాడు వెనక బెంచీ ప్రకాశం, గొణుగుతున్నట్టు.

"ఎందుకొద్దు?"

ప్రకాశం పుస్తకంలో తల దూర్చాడు. నీళ్లు పడని బోరంటే ఆ ఇంటికి నామోషీ కాబోలు అనుకుంది శ్రీవిద్య.

"ఒక్కటి మిగిలినా మనం పడిన కష్టమంతా బూడిదలో పోసినట్టే. మూత ఎత్తండి, పదండి."

శెనక్కాయ చేను ఎండి బీటలు వారింది. బోరు చుట్టూ కంప నాటి, మధ్యలో నేలను ఇంటి వాకిలిలా ఊడ్చి పెట్టారు. పిల్లలు గట్టు మీదే ఆగిపోయారు. ఎంత కసిరినా ముందుకు రాలేదు. శ్రీవిద్య తానే మూతను దొర్లించుకుంటూ పోయింది.

పక్క చేన్లో కలుపు తీస్తున్న శిల్ప తల్లి గురమ్మ పరుగున వచ్చి, బోరుకు అడ్డంగా కూలబడింది.

"దీన్ని ముట్టాకు మేడమ్!"

"ఊరి మంచికే కదమ్మా చేస్తున్నది?"

"ఊర్లో యాడున్నా మూసుకోపో. ఇది మాత్రం వద్దు."

"లెయ్యమ్మా. అధికారులకు నేనేం చెప్పాల?"

"వాళ్లకు నువ్వు చెప్పేదేం లేదులే. వాళ్లకు తెలుసు."

శ్రీవిద్యకు ఓపిక నశించింది. "ఏ పసిబిడ్డో కాలు జారి పడితే అప్పుడు తెలుస్తుంది నీకు!"

గట్టు మీద శిల్ప వెక్కి వెక్కి ఏడ్చింది. గురమ్మ ఏడవలేదు. బోరు అంచున రాలిన మట్టిపెళ్లలను కొంగుతో మెల్లగా ఇవతలికి తీసింది. తర్వాత, లోపలికి వినబడుతుందేమో అన్నట్టు గొంతు బాగా తగ్గించింది.

"మూత పెట్టాకు మేడమ్. మా చిన్నదానికి చీకటంటే శానా భయం."